రేడాన్ ఏ దారిన వస్తోంది?

ఇటలీలోని అబ్రుజ్జో కొండల కింద, హైవే సొరంగంలోంచి పక్కకు తిరిగే దారిలో, చర్చి అంత ఎత్తున్న హాలు ఒకటి ఉంది. ఎర్సీలియా చిక్కోజ్జీ రోజూ పొద్దున్నే బస్సు దిగి, తలకు హెల్మెట్ తగిలించుకుని అందులోకి నడుస్తుంది. హాలు మధ్యలో పెద్ద నీళ్ల ట్యాంకు, నీళ్ల నడుమ ఉక్కు పాత్ర, పాత్ర నిండా, వాయువును చల్లార్చి ద్రవంగా మార్చిన, గడ్డకట్టించేంత చల్లటి జెనాన్. సృష్టిలో పెద్ద భాగమై ఉండి కూడా ఇంతవరకు ఎవరి కంటా పడని కృష్ణ పదార్థం ఎప్పుడైనా వచ్చి ఒక జెనాన్ పరమాణువుకు తగిలితే చిన్న మెరుపు మెరుస్తుందని అక్కడివాళ్ల ఆశ.

ఎర్సీలియా పని ఆ మెరుపును పట్టుకోవడం కాదు. దొంగ మెరుపులను తగ్గించడం. ఆకాశం నుంచి కురిసే కణాలను చాలామటుకు కొండే ఆపుతుంది. రాయీ, ఉక్కూ, తీగల మీది ప్లాస్టిక్కూ మాత్రం ఊరుకోవు. వాటిలో ఆవగింజలో వెయ్యో వంతు కూడా లేని రేడియం నుంచి రేడాన్ అనే వాయువు ఊరుతుంది. అది జెనాన్‌లో కలిసిందంటే, అది విరిగి పుట్టే దాని పిల్లా జెల్లా కూడా విరిగిపోతూ అచ్చం అసలుదానిలాగే మెరుస్తాయి.

అందుకే పాత్ర కట్టకముందు ప్రతి బోల్టునూ, ప్రతి తీగనూ పెట్టెలో మూసి, దాన్నుంచి ఎంత రేడాన్ ఊరుతుందో ఆమె కొలిచింది. అన్నీ కూడి, ఇంతకు మించి ఉండదని చెప్పింది. తీరా పాత్ర నింపి చూస్తే రేడాన్ దాదాపు రెండింతలు తేలింది.

"నీ టవర్ కునుకు తీస్తోందేమో చూసుకోవే," అంది ఎర్సీలియా తోటి పనిమనిషి వీబ్కేతో.

వీబ్కేకు ఒళ్లు మండింది. ఆమె జర్మనీ నుంచి వచ్చింది. జెనాన్‌ను మరిగించి, చల్లార్చి, రేడాన్‌ను అడుగున పట్టి, అది తనంతట తాను నశించేదాకా వదలని ఆ ఉక్కు టవర్ ఆమె కట్టినదే.

"నా టవర్‌ను అనేముందు నీ కూడికలు సరిచూసుకో తల్లీ. బోల్టుల దగ్గర నిద్రపోయింది నువ్వేనేమో!"

ఇద్దరూ వారం పాటు ఎడమొహం పెడమొహంగా తిరిగారు. కాఫీ యంత్రం దగ్గర ఒకరు ఉంటే రెండోవారు వెనక్కి పోయేవారు.

బృందానికి పెద్ద ఒట్టావియో మారినాంజెలి. ఆ కొండల పక్కనున్న లాక్విలా ఊరివాడు. ముప్పై ఏళ్లుగా ఈ వేటలోనే జుట్టు నెరిసింది. ఆయనకు మాత్రం ఆ ఎక్కువ రేడాన్ గురించి బెంగ లేదు. తక్కువ శక్తి దగ్గర, అంటే బాగా సన్నటి మెరుపుల్లో, లెక్క ప్రకారం ఉండాల్సిన వాటికంటే కాసిని మెరుపులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. కొత్త కణమేమోనన్న మాట ఆయన పైకి అనలేదు. కానీ ట్రియెస్తె నగరంలో జరిగే శాస్త్రవేత్తల సభలో చివరి రోజు ప్రసంగానికి తన పేరు వేయించుకున్నాడు.

"అమ్మాయ్, ఇంతకుముందు యంత్రాలతో పోలిస్తే ఇది గంగాజలమే అనుకో. ఇప్పుడు దాన్ని కెలక్కు," అన్నాడు ఎర్సీలియాతో.

"ఎక్కణ్నుంచి వస్తోందో తెలిస్తే తీసెయ్యొచ్చు కదండీ?"

"తీసేశాక నా మెరుపులు కూడా పోతే?"

నవ్వుతూనే అన్నాడు. అన్నాక తెర మీద ఆ మెరుపుల లెక్క చూపే గీతవైపు తిరిగాడు.

ఆ నెలలోనే మరమ్మతు కోసం హాలులో చల్లగాలి యంత్రాలను ఆపారు. అందరూ కోట్లు విప్పి, చొక్కా చేతులు మడుచుకుని పనిచేశారు. ఆ రోజుల లెక్క చూస్తుంటే ఎర్సీలియాకు రేడాన్ గీత కొంచెం పైకి లేచినట్టు కనిపించింది. కొంచెమే. వేరెవరైనా అయితే పట్టించుకునేవారు కాదు.

ఆమె దాన్ని వదల్లేదు. పాత్ర నీళ్ల మధ్య ఉంది, లోపలంతా చలి. హాలులో ఉక్కపోస్తే దానికెలా తెలుస్తుంది? బయటి వేడి తగిలేది ఏదో ఒకటి లోపలికి రేడాన్ పంపుతూ ఉండాలి.

ఆమె ట్యాంకు చుట్టూ తిరుగుతూ ఒక్కో గొట్టాన్నీ అరచేత్తో తాకి చూస్తుంటే, వీబ్కే ఇక పంతం పట్టి ఉండలేక దగ్గరికొచ్చింది.

"ఏంటే, గొట్టాలకు జ్వరం చూస్తున్నావా?"

"అవును. దేనికి తగిలిందో తెలియట్లేదు."

విషయం విన్నాక వీబ్కే కళ్లు పైకి వెళ్లాయి. పాత్రలోంచి వందల తీగలను బయటికి తెచ్చే లావుపాటి గొట్టం అక్కడే ఉంది. దాని పై సగం నీళ్ల బయట, హాలు గాలిలో.

"తీగల్ని నువ్వు కొలిచావుగా?"

"కొలిచాను. చల్లటి చోట ఉంటాయనుకుని లెక్క కట్టాను. ఆ గొట్టంలో జెనాన్ గ్యాసు కదలదని, కిందికి దిగదని మనమంతా అనుకున్నాం."

"దిగుతోందన్నమాట," అంది వీబ్కే మెల్లిగా. "తీగల ప్లాస్టిక్కుకు వెచ్చగా తగిలేసరికి రేడాన్ ఎక్కువగా ఊరుతోంది, ఊరింది ఊరినట్టు జెనాన్‌లోకి జారుతోంది."

ఇద్దరూ కలిసి గొట్టానికి వేడి పట్టీలు చుట్టారు. రేడాన్ పెరిగింది. పట్టీలు విప్పారు. తగ్గింది. ఎర్సీలియా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. వీబ్కే ఆమెను ఎత్తి ఒక చుట్టు తిప్పింది.

ఇక చేయవలసింది తేలికే. గొట్టం పైభాగాన సన్నటి పైపు బిగించి, అక్కడి గ్యాసును నేరుగా టవర్‌కు లాగేస్తే, రేడాన్ కిందికి దిగే బదులు పైకి పోతుంది. కాకపోతే కొన్ని వారాలు కొలతలు ఆపాలి. ఆపమని చెప్పవలసినవాడు ఒట్టావియో.

ఆయన అంతా విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సభ అయ్యాక ఆపకూడదూ?"

"మీరు అక్కడ ఆ మెరుపులు చూపిస్తే, రేడాన్ సంగతేంటని ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ అడక్కపోతే నేనే లేచి అడగాల్సొస్తుంది," అంది ఎర్సీలియా.

"నీకు చదువు చెప్పింది నేనే కదూ? నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి," అన్నాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని లేచాడు. "ఆపండి. నాకూ తెలుసుకోవాలనే ఉంది."

పైపు బిగించి మళ్లీ మొదలుపెట్టాక రేడాన్ సగానికి పడిపోయింది. ఆ అదనపు మెరుపులను మాత్రం ఎర్సీలియా ముట్టుకోలేదు. అవి ఆయనవి. సరిపడా లెక్కలు చేరాక ఒట్టావియో తలుపు వేసుకుని తానే గీత గీసుకున్నాడు. బయటికి వచ్చేసరికి ఇద్దరూ గుమ్మం దగ్గరే ఉన్నారు.

"ఆ మెరుపులూ సగమయ్యాయి," అన్నాడు. "రేడాన్ తగ్గితే కృష్ణ పదార్థం ఎందుకు తగ్గుతుంది? తగ్గదు. అవీ రేడాన్‌వే. దాని పిల్లలు తక్కువ శక్తి దగ్గర ఎలా మెరుస్తాయో మనకే సరిగ్గా తెలియలేదు."

"సారీ అండీ," అంది ఎర్సీలియా.

"సారీ ఎందుకే పిచ్చిదానా?" అన్నాడు కానీ, కుర్చీలో కూలబడ్డాడు. మర్నాడు సభవాళ్లకు ఫోన్ చేసి తన ప్రసంగం పేరు మార్పించాడు. కొత్త పేరు తీగల గొట్టం గురించి. దాని కింద ముందు ఎర్సీలియా పేరు, తర్వాత వీబ్కే పేరు, చివర తనది.

ఆ మధ్యాహ్నమే టవర్ దగ్గరికి వెళ్లి వీబ్కే పక్కన నిలబడ్డాడు.

"ఇన్నాళ్లూ అడగలేదు. జెనాన్ ఏదో, రేడాన్ ఏదో దీనికెలా తెలుస్తుందమ్మా?"

"రేడాన్‌కు బద్ధకమండీ. జెనాన్ ఆవిరై పైకి పోతుంటే అది ద్రవంలోనే కూర్చుంటుంది." వీబ్కే మూతలు తీసి, గొట్టాలు చూపించి, చివరికి నేల మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని విన్నాడు.

ఆదివారం ముగ్గురూ కొండమీది పచ్చికకు వెళ్లి, పుల్లకు గుచ్చి కాల్చిన గొర్రె మాంసం తిన్నారు. ఒట్టావియో వేళ్లు తుడుచుకుంటూ అడిగాడు:

"సరే, రేడాన్‌ను ఇంకా తగ్గిస్తారు. ఆ తర్వాత మిగిలేదేంటి?"

"న్యూట్రినోలు," అంది ఎర్సీలియా. "సూర్యుడి నుంచి వచ్చే కణాలు. వాటిని కొండా ఆపదు, టవరూ పట్టదు. అవి తగిలినా అచ్చం అలాగే మెరుస్తుంది."

ఒట్టావియో చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"మంచిదే. వాటికీ, మనం వెతికేదానికీ తేడా ఎలా కనిపెడతావో చెప్పు మరి," అంటూ ఇంకో పుల్ల అందుకున్నాడు.