తిన్నగా నిలిచిన బొట్టు

నేను ఒక జీపు స్టీరింగును. నల్లగా, గుండ్రంగా, మూడు ఊచలతో ఉంటాను. ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాడి ముఖం గుర్తులేదు. మొదట ఒక కాంట్రాక్టరు నన్ను తిప్పాడు. ఆయన అరచేతుల చెమటకి నా పైతొడుగంతా ఊడిపోయింది. తరవాత ఏజెన్సీ కొండమీద సూరిబాబు చేతికొచ్చాను. నన్ను పట్టుకున్న ప్రతివాడూ బండంతా తన గుప్పిట్లో ఉందనుకుంటాడు. పోనీలెండి, అనుకోనివ్వండి!

సూరిబాబు భార్య ఎర్నమ్మ ప్రతి శుక్రవారం నా నెత్తిన కుంకుమబొట్టు పెడుతుంది. బండి తిన్నగా పోతుంటే ఆ బొట్టు సరిగ్గా పైన ఉంటుంది. మొన్న వానకి జారిపడ్డ బండరాయిని ముందు చక్రం గుద్దింది. కింద చక్రాలని కలిపే రాడ్డు వంగింది. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరా, పాడా? పక్కకి తిరిగి నిలబడ్డాను. బండి తిన్నగా పోతున్నా బొట్టు ఎడమకి ఒరిగే ఉంది.

అది చూసి ఎర్నమ్మ హడలిపోయింది. కూతురు దాలమ్మకి నెలలు నిండాయి. తెల్లారితే ఘాటు రోడ్డు దిగి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

"బొట్టు ఒరిగిపోనాది. ఈ బండిలో పిల్లని ఎక్కించను" అంది.

"దానికేటి, సరిసేత్తానుండే!" అన్నాడు సూరిబాబు.

ఇంటిముందే పని మొదలెట్టాడు. హారన్ మూత తీశాడు, నడుమ నట్టు విప్పాడు, నన్ను ఊడబెరికాడు. కొంచెం తిప్పి మళ్ళీ గుచ్చి బిగించేశాడు. వంగి బండి కిందికి చూడనైనా లేదు, మహానుభావుడు! నా గొంతు నొక్కేసి, భార్యని పిలిచి చూపించాడు.

"సూడు, తిన్నగైపోనాది."

ఎర్నమ్మ నాకు దణ్ణం పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆ తల్లి మొగుణ్ణి కాదు, నన్ను నమ్మింది.

మర్నాడు ఘాటులో మొదటి ఎడమ మలుపు వచ్చింది. సూరిబాబు నన్ను తిప్పాడు. సగంలోనే ఆగిపోయాను. కింద వంగిన రాడ్డు అడ్డుపడి కిర్రుమంది. వెనక సీట్లో తల్లి పక్కన కూచున్న దాలమ్మ "అమ్మా!" అని కేక పెట్టింది. సూరిబాబు బ్రేకు మీద నిలబడిపోయాడు. లోయవైపు పిట్టగోడకి రాసుకుంటూ పోయి బండి ఆగింది.

అతను దిగి, కిందికి తొంగి చూసి, రోడ్డు మీదే కూలబడ్డాడు.

"బొట్టునే తిప్పానే... రోగం కిందే ఉండిపోనాది."

ఎర్నమ్మ అతన్ని ఒక్క మాట కూడా తిట్టలేదు. నా దగ్గరికొచ్చి, కొంగుతో నా బొట్టు తుడిచేసింది. అప్పటికే దాలమ్మకి నొప్పులు మొదలయ్యాయి. ఎంతసేపటికో ఒక క్యాబేజీల వ్యాను వచ్చింది. బస్తాల మధ్య పిల్లని పడుకోబెట్టుకుని ముగ్గురూ కొండ దిగిపోయారు.

నేను ఆ మలుపులోనే ఉన్నాను. పొద్దు వాలుతోంది. కిందనుంచి ఏ బండి ఎక్కివచ్చినా కబురు తెచ్చిందేమోనని చూస్తున్నాను. దాలమ్మ ఎలా ఉందో ఎవరూ ఆగి చెప్పరు కదా! బిడ్డ క్షేమంగా పుడితే చాలు, నన్ను పాత ఇనుములో పడేసినా బాధలేదు. ఒక్కటే నన్ను తినేస్తోంది. ఎర్నమ్మా, నన్నెందుకు తుడిచేశావు? వంకరగా నిలబడి నీకు నిజమే చెప్పాను కదా తల్లీ!