అనసూయ అంగడిలో అనకూడని మాట

“షటప్ షాప్” అన్నాడు వినయ్ ఫోనులో, బిల్డింగ్ ఓనరుతో. మునిస్వామి చెవికి మొదటి ముక్కే చేరింది. గజంబద్ద మీద జరీ లేసు అట్లాగే ఆగిపోయింది. నగర్తపేట బజారులో ముప్పై ఏళ్లు చీరల అంచులమ్మి, అంచు మాయకుండా బతికిన మనిషిని కన్నకొడుకే నోరుమూసుకోమంటాడా?

లేసు కొనడానికొచ్చిన గౌరమ్మా, పక్క గాజులంగడి సొన్నప్పా వినయ్‌ని చూసిన చూపుకి, అతడు ఫోను దించాడు. అది తిట్టు కాదనీ, ఇంగ్లీషు నానుడనీ, అంగడి మూసేయడమని అర్థమనీ చెప్పాడు.

వెనక అరల చీకట్లో, చెక్క మీద కర్రతో కొట్టినట్టు, రెండు దెబ్బలు వినబడ్డాయి.

ఆ అంగడిలో ‘మూసే’ మాట అనకూడదు. సాయంత్రమైతే ‘కట్టేస్తాం’ అనాలి. నోరు జారినవాళ్లు తమ చేత్తో ఒక బేరం చేసి ఆ మాట కడుక్కోవాలి. ఆ కట్టడి మునిస్వామి భార్య అనసూయది. ఎవరు జారినా గజంబద్దతో గల్లాపెట్టె మీద రెండు కొట్టేది. ఆమె పోయి ఎనిమిది నెలలు. బద్ద ఇప్పుడు మునిస్వామి చేతిలో ఉంది.

సొన్నప్ప వీధిలోకి దిగాడు. భయం కాదట, గాలి కోసమట.

ఓనరు ఇంకా లైనులోనే ఉన్నాడు. వినయ్ సరేనంటే నెలాఖరుకి తాళాలప్పగించి, మునిస్వామి మహదేవపురలో కొడుకు ఫ్లాటుకి చేరాలి.

వినయ్ ఫోను పక్కన పెట్టాడు. తండ్రి చేతిలోని బద్ద తీసుకుని గౌరమ్మకు ఆరు గజాలు కొలిచాడు. చివర నాలుగు వేళ్ల కొసరు వదిలి కత్తిరించాడు. అట్లా వదలమని అతడికెవరూ నేర్పలేదు.

“మీయమ్మ చెయ్యప్పా ఇది,” అంది గౌరమ్మ మెల్లగా.

మునిస్వామి గొంతు సవరించుకున్నాడు. “ఆ ఇంగ్లీషు మాట, పొద్దుగూకినాక కట్టేసేదానికా, ఒకేతూరి ఎత్తేసేదానికా?”

“రెండిటికీ అదే నాయనా.”

“మనకి రెండు మాటలుండాయి. ఏదో ఒకటి చెప్పు ఆ ఓనరుకి.”

వినయ్ అరల వైపు ఒకసారి చూశాడు. ఫోనెత్తి, రాత్రికి కట్టేయడం గురించే తనన్నదనీ, ఖాళీ చేసేది లేదనీ చెప్పాడు.

మునిస్వామి గౌరమ్మకూ, వీధిలోని సొన్నప్పకూ వినిపించేలా అసలు సంగతి విప్పాడు. పిల్లోడు తిట్టలేదు, ఎత్తేస్తామనలేదు, ఈ పొద్దుకి కట్టేస్తామన్నాడంతే. ఆ తర్వాత చీకటి అరల వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

“రేపు మళ్లా తీస్తాము, అనసూయా. విన్నావు గదా.”