ఏడో నంబరుకు జవాబు

వెర్లిన్ అన్న అంబులెన్సు షెడ్డుకు ఎదురింట్లోనే చనిపోయాడు. ఈ మాట ఎన్నిసార్లు రాసినా నా చెయ్యి నమ్మదు. వాళ్ళ మెట్ల మీద నిలబడితే బండి నంబరు పలక చదవచ్చు. అంత దగ్గర.

ఆదివారం మధ్యాహ్నం. బీన్సు గిన్నె దించి, మొక్కజొన్న రొట్టె ఓవెన్‌లో పెట్టింది అన్న భార్య ఓపల్ వదిన. అన్న ఛాతీ పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. ఆమె కేక విని పక్కింటి నుంచి నేను పరిగెత్తాను. అంబులెన్సు డ్రైవరు హోబర్ట్ షెడ్డులోంచి బండి బయటికి తీశాడు. తీసి, రోడ్డు మధ్యలో ఆపేశాడు.

"వెనకాల కూచోడానికి పాసైనోళ్ళు ఎవరూ లేరే! ఉన్న ఒక్క జెనీవా పొద్దున్నే రెండో బండిలో పేషెంటుతో పట్నం పోయింది!" అని ఏడుపు గొంతుతో అరిచాడు.

గని మూతపడ్డాక మా కొండల్లో మిగిలినవి ఆ రెండు బండ్లే. రోగి పక్కన శిక్షణ పూర్తిచేసి పరీక్ష పాసైన మనిషి ఉండాలి. లేకుండా కదిలితే బండి పర్మిటే పోతుంది. అలాంటి మనుషుల కోసమే కమ్యూనిటీ కాలేజీలో తరగతి పెట్టారు. స్కూలు వంటింట్లో పనిచేసే నేను, గనిలోంచి తీసేసినవాళ్ళు, దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు, మొత్తం పద్నాలుగు మందిమి చేరాం. అంబులెన్సులో ముప్పై ఏళ్ళు పనిచేసి, మోకాళ్ళు అరిగి బండి దిగిన వెర్లిన్ అన్నే మా గురువు. ఎనిమిది వారాలు గడిచాయి. రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఆపేసింది. తొమ్మిదో వారం వెళ్ళేసరికి గదికి తాళం. గుండె నొక్కడం నేర్చుకునే రబ్బరు బొమ్మ కిటికీ అద్దంలోంచి కనిపించింది.

"నేనెక్కుతా, పద హోబర్ట్!" అన్నాను.

అన్న కళ్ళు తెరిచి వేలు అడ్డంగా ఊపాడు. "వద్దు బెర్నిస్... పర్మిట్ పోద్ది... ఊరికి బండుండదు."

మొదటి రోజు ఆయన మాకు నేర్పిన పాఠం అదే. మేం మంచి విద్యార్థులం. విన్నాం.

కాసేపటికి ఊపిరి ఆగింది. హోబర్ట్ మోగించిన సైరన్ విని మా తరగతివాళ్ళు వచ్చారు. అతను రేడియోలో పిలిచిన పక్క కౌంటీ బండి వచ్చేదాకా, యాభై నిమిషాలు, గడ్డి మీద వంతులవారీగా గుండె నొక్కాం. ఆయన నేర్పినట్టే నొక్కాం. రొట్టె మాడిన వాసన వీధంతా వచ్చింది.

మా ఊరి అంబులెన్సు దళంలో ఒక ఆచారం ఉంది. పనిలో ఒక్కొక్కరినీ రేడియోలో ఒక్కో నంబరుతో పిలుస్తారు. మనిషి పోతే, సమాధి దగ్గర రేడియోలో అతని నంబరు మూడుసార్లు పిలుస్తారు. ఎవరూ పలకకూడదు. ఆ మౌనం తర్వాతే మట్టి వేస్తారు. అన్నది ఏడో నంబరు.

"సమాధి దగ్గర పిలవొద్దు," అంది ఓపల్ వదిన.

"అదేంటి వదినా, ముప్పై ఏళ్ళ ఆచారం," అన్నాడు హోబర్ట్.

"ఎవరికి వినిపించాలని పిలుస్తావురా? ఆయన పలకడని మనకి తెల్సు. తెలీనోళ్ళ ముందు పిలు. రాజధానిలో పిలు."

మా తరగతిలో అందరికన్నా పెద్దవాడు, గని పనివాడు రూఫస్ తాత తల అడ్డంగా ఊపాడు. "అక్కడికి పోయి అల్లరి చేస్తే ఉన్న బండ్లు కూడా లాక్కుంటారు."

"బండి పోద్దని ఊరుకునే కదా తాతా, మనిషిని పోగొట్టుకున్నాం!" అంది దుకాణంలో పనిచేసే లీటా. "కదలని బండిని ఏం చేసుకుంటాం? కోళ్ళగూడా?"

ఓపల్ వదిన ఒక్కతే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

పిలుపు లేకుండానే మట్టి వేశాం.

మంగళవారం రెండు బస్సుల్లో రాజధానికి వెళ్ళాం. శాసనసభలో డబ్బు సంగతి చూసే సంఘం ముందు మాట్లాడడానికి మనిషికి రెండు నిమిషాలు.

"మీ బాధ అర్థమైందమ్మా," అన్నాడు సంఘం అధ్యక్షుడు. "కానీ ఆ తరగతికి సరిపడా విద్యార్థులు లేరని నివేదిక వచ్చింది."

"తాళం వేసిన గదిలో లెక్కపెట్టారా బాబూ?" అంది ఓపల్ వదిన. తర్వాత అన్న రేడియో తీసి బల్ల మీద పెట్టింది. వెనక వరసలోంచి హోబర్ట్ తన రేడియోలో పిలిచాడు.

"ఏడో నంబర్."

"ఏడో నంబర్."

మూడోసారి గొంతు పెంచాడు. "ఏడో నంబర్..."

బల్ల మీది రేడియో గరగరమని ఆగిపోయింది. ఆచారం ప్రకారం అక్కడితో అయిపోవాలి. అధ్యక్షుడు గడియారం చూసి, "తర్వాతి అంశం," అన్నాడు.

ఎవరు ముందు లేచారో గుర్తులేదు. నేనే కావచ్చు. "ఏడో నంబర్ ఇక్కడుంది," అన్నాను. ఆచారం తప్పాను. "ఇక్కడుంది," అని లీటా లేచింది. చేతికర్ర మీద బరువు వేసి రూఫస్ తాత లేచాడు. పద్నాలుగు గొంతులు పలికాయి.

కూర్చోమన్నారు. కూర్చున్నాం, నేల మీద, తలుపుకు అడ్డంగా. మా తరగతి గది తాళం తీస్తామని రాసిచ్చేదాకా లేచేది లేదన్నాం. లేపారు. పద్నాలుగు మందికీ, ఓపల్ వదినకూ బేడీలు వేశారు.

పోలీసు బండిలో మాకు కాపలాగా కూర్చున్న పోలీసు ముందుకు వంగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "మాదీ కొండ ఊరే. మా అమ్మకి గుండె జబ్బు. బండి రావాలంటే గంట. మీరు లోపల చెప్పారే, ఆ గుండె నొక్కేటప్పుడు... చేతులెక్కడ పెట్టాలి?"

ఇందాక మమ్మల్ని ఈడ్చుకొచ్చిన చేతులవి.

ఓపల్ వదిన నా వైపు తిరిగింది. "చెప్పవే బెర్నిస్. ఆయనైతే చెప్పేవాడు."

నా చేతులకు బేడీలు. నోటితోనే చెప్పాను. "ఛాతీ మధ్య ఎముక మీద. చెయ్యి మీద చెయ్యి. మోచేతులు వంచకు."

ఎన్నిసార్లు నొక్కాలో లీటా లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. బండిలో అందరం అందుకున్నాం. తొమ్మిదో వారం పాఠం అక్కడ మొదలైంది.