బయటి చక్రాలు

నా దగ్గరికి పాత బండ్లు తెచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది అబద్ధాలకోరులు. మిగతా పదిమంది ఆ అబద్ధాన్ని కొనుక్కున్నవాళ్ళు. "సార్, నట్టు కూడా మార్చలేదు" అంటారు. టైరు ఊడదీసి రిమ్ము లోపల చూపిస్తే నోట్లో తడారిపోతుంది. మోటారుసైకిళ్ళ ఫ్యాక్టరీలో ముప్ఫై ఆరేళ్ళు చక్రాల తనిఖీ చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పాత బండ్ల క్లబ్బుకి పరీక్షకుణ్ణి. బండికున్నవి కంపెనీ చక్రాలా, తరవాత బయట కొని తగిలించినవా తేల్చి సంతకం పెడతాను. నా సంతకానికి తిరుగులేదు. పొగరంటారు కొందరు. అననివ్వండి, ఉన్నమాటే.

ఆ రోజు పొద్దున్న మా చెల్లెలు నాన్న బండిని ట్రాలీలో వేసుకుని క్లబ్బు షెడ్డుకి వచ్చింది. నాన్న పోయి ఏడాది. మేమిద్దరం మాట్లాడుకుని అంతకంటే ఎక్కువే అయింది.

"బాగోగులు తరవాత అన్నయ్యా," అంది. "ఫ్యాక్టరీవాళ్ళు పాత బండ్లకోసం ఓ హాలు కడుతున్నారట. అన్నీ అసలు భాగాలేనని నువ్వు కాగితం ఇస్తే నాన్న బండి అందులో పెడతారు. పక్కన పలక మీద నాన్న పేరు వేస్తారు."

నాన్న పేరు! ఆ గోడ మీద! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దొంగ అని ఆయన్ని గెంటేసిన చోటు అది.

నలభై ఒక్కేళ్ళ కిందటి మాట. నాన్న అక్కడ చక్రాలు కట్టే విభాగంలో మేస్త్రి. మధ్యనున్న హబ్బుకీ చుట్టూ ఉన్న రిమ్ముకీ స్పోకు పుల్లలు బిగించి, వంకర లేకుండా సరిచేసే పని. నేను తనిఖీలో చేరి ఎనిమిది నెలలు. స్టోర్లో రెండు చక్రాలు కనబడకుండా పోయాయి. అదే వారం నాన్న సొంత బండికి చక్రాలు తళతళలాడుతూ కొత్తగా కనిపించాయి. విచారణ గదిలో మేనేజరు నన్ను పిలిచి, "నువ్వే చూసి చెప్పు, మనవేనా?" అన్నాడు. చూశాను. మా విభాగంలో ఓ అలవాటుంది. చక్రం కట్టేటప్పుడు హబ్బు మీద గ్రీజు పెట్టే నిపుల్‌ని సరిగ్గా రిమ్ములో గాలి వాల్వు దూరే రంధ్రానికి ఎదురుగా ఉంచుతారు. అది ఏ పుస్తకంలోనూ లేదు, బయట ఎవడూ అలా కట్టడు. ఆ రెండు చక్రాలూ అలాగే ఉన్నాయి. "మనవే సార్" అన్నాను.

నాన్న నావైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. కిమ్మనలేదు. తప్పు చేయనివాడైతే ఊరుకుంటాడా అనుకున్నాను. చక్రాల ఖరీదు జీతంలో కోసుకుని బండి వదిలేశారు గానీ, ఆ రోజుతో ఆయన ఉద్యోగం పోయింది. కన్నతండ్రని కూడా చూడని నిజాయితీపరుడని అందరూ నన్ను మెచ్చుకున్నారు. సిగ్గులేకుండా నన్ను నేనూ మెచ్చుకున్నాను.

ఆ తరవాత నాన్న ఇంటి ముందుగదిలో కూర్చుని పంక్చర్లు వేసి బతికాడు. చెల్లెలు పక్కన కూర్చుని ఆ పని నేర్చుకుంది. నేను వేరే ఇల్లు చూసుకున్నాను. దొంగ కొడుకని ఎవరంటారోనని ఆ వీధిలో అడుగుపెట్టడమే మానేశాను.

"ఇవ్వడానికేం, ఇస్తాను," అన్నాను చెల్లెలితో. దొంగసొత్తే అయినా అసలు సొత్తే కదా అనుకున్నాను. ఇన్నాళ్ళకి ఆయనకో ఉపకారం చేస్తున్నానన్న గొప్ప కూడా లోపల లేకపోలేదు.

"టైరు విప్పకుండానే రాసిచ్చేస్తావా?"

"నాకు తెలియని చక్రాలా అవి?"

"అందరి బండ్లకీ విప్పుతావటగా. మా నాన్న బండి ఏం పాపం చేసింది?"

'మా నాన్న' అంది. 'మన నాన్న' అనలేదు. ఒళ్ళు మండింది. ముందు చక్రం ఊడదీసి బల్ల మీద పడేశాను. గాలి తీసి, లివర్లు దూర్చి టైరు పైకి లేపాను. ట్యూబు లాగేసి గుడ్డతో రిమ్ము లోపల తుడిచాను. కంపెనీ రిమ్మయితే వాల్వు రంధ్రం పక్కన మూడక్షరాల ముద్ర ఉండాలి. లేదు. తుప్పు కింద ఉందేమోనని గరుకు కాగితం పెట్టి రుద్దాను. అయినా లేదు. పుల్లలు దూరే కన్నాలు చూశాను. మా రిమ్ముకి ప్రతి కన్నం చుట్టూ, పుల్ల వాలుకి తగ్గట్టు చిన్న గుంట నొక్కి ఉంటుంది. ఇక్కడ గుంటల్లేవు, ఉత్త కన్నాలు. రిమ్ము కొసలు కలిసేచోట మా అతుకు సన్నగా ఉంటుంది. ఇది వేలంత లావు. వెనక చక్రం కూడా విప్పాను. అదే కథ.

బయటి రిమ్ములు. బజార్లో ఎవడికైనా దొరికే చవకరకం. నాన్న కొనుక్కొచ్చి, తన పాత హబ్బులనే మెరుగుపెట్టి, వాటికి తన అలవాటు చొప్పున కట్టుకున్నాడు. ఆ అలవాటు ఫ్యాక్టరీది కాదు, ఆయనది! ఫ్యాక్టరీకి నేర్పిందే ఆయన. చక్రం కట్టిన చెయ్యిని గుర్తుపట్టి, దాన్నిబట్టి వస్తువు కంపెనీదని చెప్పేశాను నేను. టైరు విప్పి చూద్దామన్న బుద్ధి ఆ రోజు పుట్టి చావలేదు.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. చెల్లెలు గోడకి ఆనుకుని చూస్తోంది. నిజం రాస్తే బండి హాల్లోకి వెళ్ళదు, నాన్న పేరు గోడకెక్కదు. అబద్ధం రాస్తే పేరు గోడకెక్కుతుంది, నా తప్పు టైరు కింద కప్పబడిపోతుంది. ఆ రెండోది ఎంత తీయగా తోచిందో చెప్పుకోడానికి సిగ్గేస్తోంది.

"చిన్నీ," అన్నాను, ఎన్నేళ్ళ తరవాతో. "అసలువేనని రాసేస్తాను. మళ్ళీ ఎవడు విప్పి చూస్తాడు?"

"ఏం చూశావో అది రాయి."

"రాస్తే బండి తీసుకోరే!"

"హాలూ లేదు గీలూ లేదన్నయ్యా. అలా చెప్పకపోతే నువ్వు ఈ బండి ముట్టుకోవు. నాకు కావలసింది నీ చేతిరాత. రాయి."

రాశాను. 'రెండు చక్రాల రిమ్ములూ కంపెనీవి కావు. బయట కొన్నవి.' సంతకం పెట్టి తేదీ వేశాను. ఆమె రెండుసార్లు చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకుంది.

"నాన్నే తీశాడని అమ్మ ఇప్పటికీ నీ మాటే నమ్ముతోంది. చదివి వినిపిస్తాను."

"నీకెప్పటినుంచి తెలుసు?"

"మొదటిసారి ఈ బండికి ట్యూబు మార్చినప్పటినుంచి, నాన్న ఉద్యోగం పోయిన ఏడాదే. పన్నెండేళ్ళ పిల్లని. తను బతికున్నంతకాలం నోరెత్తొద్దని ఒట్టేయించుకున్నాడు."

"మరి ఆయన ఆ రోజెందుకు చెప్పలేదే?"

"చెప్తే? బయటి రిమ్ముని కంపెనీదన్నవాణ్ణి మర్నాడు తనిఖీలో ఉంచుకుంటారా? ఇంట్లో ఉన్నవి రెండు ఉద్యోగాలు. పోతే ఒకటే పోనీ అనుకున్నాడు."

టైరు ఎక్కించడానికి లివరు అందుకోబోయాను. "ఉండు, ట్యూబు నొక్కేస్తావు" అంటూ లాక్కుంది. మోకాలితో అదిమి రెండు టైర్లూ తనే ఎక్కించింది, చక్రాలు తనే బిగించింది. బండిని ట్రాలీలోకి తొయ్యడానికి మాత్రం నన్నో చెయ్యి వెయ్యనిచ్చింది.

"నా గురించి ఏమైనా అనేవాడా?" అని అడిగాను. ఎంత మాటైనా పడడానికి సిద్ధంగా ఉన్నాను. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"అనేవాడు," అంది ట్రాలీ తలుపు గడియ వేస్తూ. "నేను నిన్ను ద్రోహి అని తిడితే ఒప్పుకునేవాడు కాదు. 'వాణ్ణేం అనకే. వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి పని రాదు, అంతే' అనేవాడు."