ఎంగిలి నెమరు

బుచ్చవ్వకు బర్రె అంటే పానం. ఆ పానంతోనే దాని పానం మీదికి తెచ్చింది. మనుమరాలి పుట్టెంటికలు తీసిన నాడు మిగిలిన బువ్వ పారవోయ బుద్ధిగాక, గంపెడు తెచ్చి బర్రె ముందట వెట్టింది. అది మొహమాటం లేని చుట్టం లెక్క అంత ఊడ్చుకొని తిన్నది. తెల్లారేసరికి పొట్ట ఉబ్బింది, దవడ ఆగింది.

దౌల్తాబాద్ పశువుల దవాఖాన కంపౌండర్ ఖుతుబుద్దీన్ లూనా మీదొచ్చి సోడ కలిపిన నీళ్లు తాపిండు. రెండొద్దులకు ఉబ్బు దిగింది గని, బర్రె గడ్డికి మూతి వెట్టదు, నెమరెయ్యదు. పాలమ్ముకొని బతికే ఇల్లు. గిది వోతే బుచ్చవ్వకు దిక్కే లేదు. తిండి మానేసి దాని దవడనే చూసుకుంట కూసున్నది.

మల్లొచ్చిన ఖుతుబుద్దీన్ బర్రె డొక్కకు చెవి వెట్టి విని, నవ్విండు.

"బర్రెను నువ్వు సాదుతున్నవ్ అవ్వా, బర్రేమో దాని పెద్దపొట్టల పురుగులను సాదుతది. కంటికి కానరావు గని, గడ్డిని అరగదీసేటియి అవే. నీ బువ్వ లోపట పులిసి వాటిని సంపింది. ఇగ మంచిగున్న బర్రె నోట్లకెల్లి నెమరు ముద్ద తీసి దీనికి తినిపియ్యాలె."

గల్లీల ఇంకో బర్రె ఉన్నది ఎల్లవ్వకే. బుచ్చవ్వ మొఖం మాడిపోయింది. పోయినేడు ఎల్లవ్వ బర్రె తాడు తెంపుకొనొచ్చి వీళ్ల గడ్డివాముల మూతి వెట్టింది. ఎంగిలి గడ్డి మా బర్రె ముట్టదని గల్లీ అంత ఇనేటట్టు తిట్టి, ఆ గడ్డి ఎల్లవ్వ వాకిట్ల పారేసి వచ్చింది ఈ మహాతల్లే. అప్పటిసంది ఇద్దరికి మాటల్లేవు.

వసుదేవుడంతటోడే గాడిద కాళ్లు పట్టుకున్నడు, నేనెంత అనుకొని కొంగు నడుముకు చెక్కి ఎల్లవ్వ ఇంటికి పోయింది. ఎల్లవ్వ సంగతంత విన్నది. నవ్వు దాసుకోలేదు.

"ఎంగిలి గడ్డే ముట్టకపాయె, ఎంగిలి ముద్ద తింటదా వదినె?"

బుచ్చవ్వ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అది చూసి ఎల్లవ్వ లేసి కొట్టం దిక్కు నడిసింది. తన బర్రె నెమరేసేదాక కాసుకొని కూసుండి, దవడ పక్కకెల్లి చెయ్యి వెట్టి పచ్చటి ముద్ద తీసిచ్చింది. మూడు పూటలు అట్లనే ఇచ్చింది.

నాలుగోనాడు పొద్దుగాల బర్రె కండ్లు సగం మూసి దవడ ఆడిచ్చింది. బుచ్చవ్వకు పానం లేసొచ్చింది. ఇంకో వారానికి పాలు మల్లా మంచిగ దిగినంక, తొలి పాలతోని చాయ్ వెట్టి ఎల్లవ్వకు తీస్కపోయింది. ఎల్లవ్వ సగం తాగి, గిలాస ముందటికి జాపి, ఈమె మొఖమే చూసుకుంట కూసున్నది.

బుచ్చవ్వ గిలాస గుంజుకొని అడుగుదాక తాగింది.

"మా బర్రె కంటే నేను గొప్పదాన్నా ఏంది," అన్నది.