తడి రేగడి

వసంతలక్ష్మి తడిగుడ్డ విప్పి గింజల మీద నీళ్ళు చిలకరిస్తోంది. నూరు గడ్డిగింజలు గుడ్డలో చుట్టి కిటికీ పక్కన పెట్టి ఆరు రోజులైంది. చల్లే ముందు విత్తనం బతికుందో లేదో చూసుకోవడం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పని. రోజూ టీ పెట్టకముందే ఇది చేస్తుంది. ఇవాళ సగానికి పైగా తెల్లటి మొలకలు వేశాయి.

రఘువీర్ వెనకనుంచి తొంగిచూశాడు. "మన రెజ్యూమేల కంటే నయమే తల్లీ. వీటికి ఆరు రోజుల్లో కాల్ వచ్చింది!"

వసంత నవ్వింది. అతను నవ్వించగా ఆమె నవ్వడం అదే ఆఖరు.

ప్లేనో నగరానికి రెండు గంటల దూరంలో ఉన్న పశువుల రాంచ్‌లో, రేకుల ట్రెయిలర్ ఇంట్లో నలుగురుండేవారు. వసంత, రఘువీర్, పూజిత, అక్షయ్. మాస్టర్స్ పూర్తిచేసి ఆంజనేయప్రసాద్ కన్సల్టెన్సీలో బెంచ్ మీద కూర్చున్నవాళ్ళు. ప్రాజెక్ట్ వచ్చేదాకా గెస్ట్‌హౌస్ ఇస్తానన్నాడాయన. ఆ గెస్ట్‌హౌస్ తన రాంచ్‌లోని ఈ రేకుల ఇల్లేనని సామాన్లు దించాక తెలిసింది. "ఖాళీగా ఎందుకు, కాస్త హెల్ప్ చేయండి. మనింటి పనే కదా" అన్నాడు. కంచెలు కట్టారు. ఆవుల్ని తోలారు. పేడ ఎత్తారు. ఇది ఉద్యోగమా, చాకిరీయా అని ఒక్కరూ అడగలేదు. ఆయన్ని 'అన్నా' అని పిలిచారు మరి. అన్నా అని పిలిచిన నోటితో హక్కు ఎలా అడుగుతారు? మెడకి పలుపు వేసిందెవరో కాదు, ఆ పిలుపుతో వాళ్ళే వేసుకున్నారు.

రాంచ్‌లో వాగు వైపు వాలుగా ఉన్న గడ్డిబీడు ఒకటుంది. నల్లరేగడి నేల. ఏళ్ళ తరబడి ఆవులు కుదుళ్ళదాకా కొరికేయడంతో అక్కడక్కడా బట్టతలలా బయటపడింది. దాన్ని మళ్ళీ పచ్చగా చేయమని ప్రసాద్ చెప్పాడు. వసంత రెండు నెలలపాటు ఆ బీడంతా తిరిగింది. ఎక్కడ గడ్డి చచ్చిందో, ఎక్కడ వేరు ఇంకా పట్టుకునుందో నోట్‌బుక్‌లో రాసుకుంది. నలుగురూ కూర్చుని ఒక మాటకొచ్చారు. దున్నకూడదు. కౌంటీ ఆఫీసువాళ్ళు అద్దెకిచ్చే డ్రిల్లు ఒకటుంది. అది పాత వేళ్ళను కదపకుండా నేలకి సన్నటి గాటు పెట్టి, అందులో గింజ జారవిడుస్తుంది. పాత గడ్డి మట్టిని పట్టుకుని ఉంటుంది, దాని నీడన కొత్తది లేస్తుంది. డ్రిల్లు సోమవారం రావాలి.

ఆ గురువారం పొద్దున్నే, గింజలు చూసిన కాసేపటికి ప్రసాద్ వచ్చాడు.

"డ్రిల్లూ గిల్లూ వద్దు. శనివారం ఫ్యామిలీస్ వస్తున్నాయి, ఫామ్ ప్లాట్స్ చూడ్డానికి. మనవాళ్ళకి పొలం అంటే దుక్కి కనపడాలి. డ్రోన్ వీడియోలో ఈ చచ్చు గడ్డి చూసి ఎవడు కొంటాడు? ఆ స్లోప్ అంతా డిస్క్ వేసి దున్నేయండి."

వసంత మెల్లగా అంది. "మొన్ననే వాన పడింది అన్నా. రేగడి ఇంకా ఆరలేదు. పైగా వాలు. ఇప్పుడు తిరగేస్తే వచ్చే వానకి మట్టంతా వాగులోకి పోతుంది."

"నాకు వ్యవసాయం నేర్పుతావా? మా తాత ముప్పై ఎకరాల ఆసామి."

"దున్నింది మీ తాతా, పాలేళ్ళా?" అంది పూజిత. ఆమె నోటికి తాళం లేదు.

రఘువీర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మాది అద్దంకి దగ్గర అన్నా. మాదీ రేగడే. తడి ఆరకుండా మా నాన్న ఎద్దుల్ని కూడా దించడు. మేం దున్నం."

"మేం దున్నం" అంది పూజిత. వసంత తల ఊపింది. అక్షయ్ కూడా, ఒక్క క్షణం ఆగి, "దున్నం అన్నా" అన్నాడు. ఆ మాట అనగానే నలుగురికీ ఒళ్ళు తేలికైంది. ఆయన ముందు కాదు అనడం వాళ్ళకదే మొదటిసారి.

ప్రసాద్ కోప్పడలేదు. నలుగురిలో ఎవర్ని వంచొచ్చో ఆయనకి తెలుసు.

"అక్షయ్, నీకెన్ని డేస్ ఉన్నాయిరా?"

జాబ్ లేకుండా ఈ దేశంలో ఉండటానికి ప్రభుత్వం ఇచ్చిన తొంభై రోజుల్లో అక్షయ్‌కి మిగిలింది పదకొండు. అతను తల దించుకున్నాడు.

"నీ ఎంప్లాయ్‌మెంట్ లెటర్ నా టేబుల్ మీదే ఉంది. సైన్ చేయాలా వద్దా? ఎక్కు ట్రాక్టర్."

అక్షయ్ అడుగు ముందుకేశాడు. అతనికి ట్రాక్టర్ సరిగా రాదు. మిర్యాలగూడలో వాళ్ళది కిరాణా కొట్టు. రఘువీర్ అతని భుజం పట్టి వెనక్కి లాగాడు. "నువ్వాగరా. నీకు క్లచ్‌కి బ్రేక్‌కి తేడా తెలీదు. నేను నాలుగు చాళ్ళు లాగి దిగిపోతా. ఆయన వీడియో ఆయనకి, నీ లెటర్ నీకు."

ఆ ట్రాక్టర్‌కి సీటు వెనక నిలువెత్తు ఇనప కమాను ఒకటుంది. బండి తిరగబడితే మనిషిని కాపాడేది అదే. షెడ్డు గుమ్మం పొట్టిది కాబట్టి, రోజూ బండి లోపల పెట్టేటప్పుడు వసంత రెండు పిన్నులు తీసి కమానుని వెనక్కి మడిచేది. బయటికొచ్చాక ఒకోసారి లేపేవారు, ఒకోసారి లేదు. వాళ్ళ ఊళ్ళలో ట్రాక్టర్లకి అలాంటిది ఎన్నడూ చూడలేదు. గుమ్మానికి అడ్డుతగిలే ఇనుముగానే దాన్ని ఎరుగుదురు. ఆ పొద్దున కొట్లాటలో కమానుని ఎవరూ లేపలేదు, పిన్నులు వసంత జాకెట్ జేబులోనే ఉండిపోయాయి.

మొదటి చాలు బాగానే వచ్చింది. రెండోదీ వచ్చింది. నల్లటి మట్టి నిగనిగలాడుతూ తిరగబడుతుంటే ప్రసాద్ ఫోన్ ఎత్తి వీడియో తీశాడు. "అదీ! దుక్కంటే అదీ!"

మూడో చాలులో, వాగు వైపు మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రం జారింది. ట్రాక్టర్ పక్కకి ఒరిగి, రఘువీర్‌తో సహా తిరగబడింది. అరుపు వినపడలేదు. ఇంజన్ చప్పుడు మాత్రం కాసేపు వినిపించింది.

ముగ్గురూ చేతులతో మట్టి తవ్వారు. తవ్వినకొద్దీ రేగడి చేతులకి అంటుకుంది గానీ రఘువీర్‌ని వదల్లేదు. అంబులెన్స్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటికే వసంత పట్టుకున్న చెయ్యి చల్లబడిపోయింది.

షెరిఫ్ ఆఫీసు నుంచి పోలీసు డిప్యూటీ వచ్చాడు. "పిల్లలు షాక్‌లో ఉన్నారు, నేను చెప్తాను" అని ప్రసాదే మాట్లాడాడు. ఆ రాత్రి వాన పడింది. తెల్లారేసరికి దున్నిన మూడు చాళ్ళూ కోసుకుపోయి వాగు నల్లగా పారింది. శనివారం రావలసిన వాళ్ళెవరూ రాలేదు. కిటికీలో గుడ్డ ఎండిపోయింది. వసంతకి దానివైపు చూసే ధైర్యం లేకపోయింది.

శనివారం రాత్రి రఘువీర్ నాన్న వీరభద్రం వసంతకి ఫోన్ చేశాడు.

"సాఫ్ట్‌వేరు పని కదమ్మా మావాడిది. ట్రాక్టరెందుకెక్కాడు?"

వసంత ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"పోనీ ఒక్కటి చెప్పు తల్లీ. నేల తడిగా ఉందా?"

"ఉంది బాబాయ్."

"తడి రేగట్లోకి వాడు బండి దించడమ్మా. నేనే నేర్పా వాడికి. ఎవరు దించమన్నారు?"

నిజం చెప్పాలా వద్దా అని ఆ రాత్రంతా ముగ్గురూ వాదించుకున్నారు. పూజిత ఫోన్‌లో మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టింది. ప్లేనోలో, ఇర్వింగ్‌లో ప్రసాద్ గెస్ట్‌హౌసుల్లో మగ్గుతున్న బెంచ్ వాళ్ళందరికీ.

"మీరు ఈజీగ చెప్తున్నరు" అన్నాడు అక్షయ్. "మనం ఇక్కడ పని చేసినమని మన నోటితోనే చెప్తే మన వీసా స్టేటస్ ఏమైతది? నాకు తొమ్మిది రోజులే ఉన్నయి."

"రఘుకెన్ని ఉన్నాయిరా?" అంది పూజిత.

అక్షయ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

ఆదివారం పదింటికి డిప్యూటీ వచ్చి విడివిడిగా మాట్లాడతానన్నాడు. తొమ్మిదిన్నరకే ప్రసాద్ మూడు కాగితాలతో ట్రెయిలర్‌లోకి వచ్చాడు.

"రఘు గెస్ట్‌గా వచ్చాడు. రీల్ కోసం, ఎవరికీ చెప్పకుండా ట్రాక్టర్ తీశాడు. అంతే. సైన్ చేయండి." ఎవరూ పెన్ను ముట్టలేదు. ఆయన గొంతు తగ్గించాడు. "చూడండమ్మా, బాడీ ఇండియాకి పంపే పేపర్స్ అన్నీ నేనే చూస్తున్నా. అవి ఆగిపోతే ఆ తల్లిదండ్రులకి ఏం చెప్తారు?"

శవాన్ని కూడా తాకట్టు పెట్టగలిగిన మనిషిని ఇన్నాళ్ళూ తాము ఏమని పిలిచారో వసంతకి గుర్తొచ్చింది. జేబులోంచి రెండు పిన్నులు తీసి టేబుల్ మీద పెట్టింది.

"కమాను మడిచింది నేను. మళ్ళీ లేపనిదీ నేనే."

ప్రసాద్ కళ్ళు మెరిశాయి. "చూశారా! తప్పెవరిదో ఆ అమ్మాయే చెప్తోంది."

"నా తప్పు నా పేరుతోనే చెప్తాను, ఆంజనేయప్రసాద్ గారూ." ఆ పిలుపుకి ఆయన ఉలిక్కిపడ్డాడు. "మేం దున్నం అన్నామనీ చెప్తాను. దున్నమన్నదెవరో చెప్తాను. వీరభద్రం బాబాయ్ అడిగింది అదొక్కటే. పేపర్స్ మేం పంపుకుంటాం."

"ముగ్గురు పిల్లలు. మీ మాట ఎవడు వింటాడు?"

పూజిత కిటికీ కర్టెన్ పక్కకి లాగింది. గేటు అవతల రోడ్డు వారగా కార్లు ఆగి ఉన్నాయి. ఇరవై మందికి పైగా ఉంటారు. జెండాల్లేవు, నినాదాల్లేవు. బట్టతల నేల వైపు, కోసుకుపోయిన మూడు చాళ్ళ వైపు చూస్తూ కంచె పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో చాలామందికి రఘువీర్ మొహం కూడా తెలీదు. అయినా ఆ ట్రాక్టర్ సీటు తమకెంత దగ్గరగా ఉందో తెలుసు. అంతలో డిప్యూటీ కారు వచ్చి వాళ్ళ మధ్య ఆగింది.

"ఎవరు పిలిచారు వీళ్ళని?" ప్రసాద్ గబగబా అక్షయ్ వైపు తిరిగాడు. "అక్షయ్, నువ్వు తెలివైనవాడివి. లెటర్ తెచ్చాను, ఇదిగో. సైన్ చేసేశాను. నువ్వు ఈ కాగితం మీద పెట్టు, ఇది తీసుకో."

అక్షయ్ లేచాడు. టేబుల్ దగ్గరికొచ్చాడు. ఒక పక్క లెటర్, ఒక పక్క కాగితం, మధ్యలో రెండు పిన్నులు.

అతను పిన్నులు తీసుకున్నాడు. గుమ్మం పక్కన ఇంకా మట్టి అంటుకునే ఉన్న రఘువీర్ పాత బూట్లు దాటి, తలుపు తీసి, గేటు దగ్గర ఆగిన డిప్యూటీ వైపు నడిచాడు.