తమలపాకు తడిక

"ఆ తడిక మీ అవ్వ మీద పడితే ఎవరు జవాబు చెప్పేది?" అన్నాను నేను.

తడిక అప్పటికింకా లేదు. మా కూతురు మమత హాల్లో వెదురు బద్దలు పరుచుకొని కొలతలు చూసుకుంటా ఉంది, అంతే. పడదమ్మా, కుండీలోకి దించి కిటికీ కమ్మీకి కట్టేస్తానంది. కమ్మీ ఊడితే అన్నాను. కిటికీయే ఊడితే ఏం చేస్తావని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది కూడా నేను అనుకొనే ఉన్నాను.

అది రెండువేల రెండు. మా ఆయన కృష్ణప్పకు ఎలక్ట్రానిక్ సిటీలో స్టోర్స్‌లో పని దొరికి, దొడ్డబళ్ళాపురం వదిలి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో రెండో అంతస్తు బాడుగింటికి వచ్చేశాం. మా అత్త భాగీరథమ్మనూ పిలుచుకొచ్చాం. చీరలకంటే ముందు ఆమె సర్దుకున్నది తడిగుడ్డలో చుట్టిన తమలపాకు తీగ ముక్క. ఊర్లో పెరట్లో అవిసె చెట్టుకు అల్లుకొని ఉండిన తీగ, వాళ్ళత్త నాటిందంట. ఇక్కడ చెట్టేది? బాల్కనీలో పెడితే ఎండకు ఆకు మాడింది. హాల్లో కిటికీ పక్కన బతికింది గానీ, పాకేదానికి ఏమీ లేక నేలమీద పొర్లాడింది. గోడకు మేకు కొట్టకూడదని ఓనరు ముందే చెప్పినాడు. అందుకే మమత ఈ తడిక కట్టింది. పాత చీర పేలికలతో ఒక్కో కణుపునూ బద్దకు వదులుగా కట్టుకుంటా పోయింది. బిగిస్తే కాడ కోసుకుపోతుందంట. కొన్నాళ్ళకే తీగ నా తల దాటి పైకి పోయింది.

మా అత్తకు ఆ తీగ దేవుడింటితో సమానం. ముట్టు దినాల్లో ఆడది తాకితే తమలపాకు తీగ వాడిపోతుందని ఆమె నమ్మకం. ఆమెదేంటి, మా ఊర్లో అందరిదీ. నేనూ అట్లా పెరిగినదాన్నే. ఆ దినాల్లో హాల్లోకి కాలు పెట్టకుండా తిరిగేదాన్ని. మమతకూ అదే నేర్పించాను. కాలేజీకి పోయే పిల్ల, నా మొహం చూసి వినేది.

ఒక ఆదివారం పొద్దున వానగాలికి కిటికీ రెక్క కొట్టుకొని తడిక ఒరిగింది. పేలికలు తెగి, పైన లేత తీగంతా వేలాడిపోయింది. మా అత్తకు చేతులు వణుకుతాయి. నేను ముట్టుకుంటే కాడ విరిగిపోతుందేమోనని నాకు భయం. మమత తన రూము గుమ్మంలో నిలబడి చూస్తా ఉంది. ఆ దినాలే తనకు.

నేను కట్టనా అని అడిగింది. మా అత్త వద్దనింది. విరిగినా విరగనీ, మైల పడకూడదనింది. పిల్ల నా వైపు చూసింది. నాకేం పుట్టిందో, కట్టమ్మా అనేశాను. అది వచ్చి కట్టింది.

ఆ పొద్దుటినుంచి మా అత్త మాట మానేసింది. నాతోనే కాదు, ఎవరితోనూ. మొదట్లో మా ఆయన, ఇన్నాళ్ళకు టీవీలో వార్తలు వినపడతా ఉండాయని పరాచికమాడినాడు. తర్వాత ఆయనా మానేసినాడు. అమ్మ పలక్కపోతే ఆయనకు అన్నం దిగదు.

వారం తిరిగేసరికి కింది ఆకులు పసుపుపచ్చగా అయినాయి.

తీగ పోతే పోనీ అనుకోవచ్చు. కానీ తీగను చంపిన పిల్ల అనే పేరు పోదు. రేపు బంధువుల్లో ఎవరింట్లో పాలు విరిగినా, ఎవరి కడుపు నిలవకపోయినా, అందరి కళ్ళూ దీనిమీదికే తిరుగుతాయి. అది తలచుకొని నేను కూర తరుగుతా కూడా ఉలిక్కిపడేదాన్ని. అట్లాంటప్పుడు మమత వచ్చి నా పక్కన కూర్చునింది. "నిజంగా నా వల్లేనా అమ్మా?" అనింది. సైన్సు చదివే పిల్ల. దాని గొంతు అంత సన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. వెదురు బద్ద చీల్చినట్టు నాలో ఏదో చీలింది.

మరుసటి పొద్దున పాలు తెచ్చి లోపలికి వస్తే, మా అత్త చెంబుతో కుండీలో పసుపు నీళ్ళు పోస్తా ఉంది. మైల పోయేదానికి దినమ్మూ పోస్తా ఉందని అప్పుడు తెలిసింది నాకు. కింద పళ్ళెం నిండిపోయింది. మన్ను బురదై కుళ్ళు వాసన. చెంబు ఆమె చేతిలోనుంచి తీసేసుకున్నాను. కాపురానికొచ్చినప్పటినుంచీ ఆమె చేతిలోది నేను లాక్కున్నది లేదు. వేరు కుళ్ళుతా ఉండాది అత్తా, అన్నాను. ఆమె మొహం తిప్పుకునింది.

పళ్ళెం వంపేశాను. మన్ను మార్చాను. అయినా నా భయం నాకుంది. నీళ్ళూ నిజమే, మైలా నిజమే అయితే? ఆకులింకా రాలతానే ఉన్నాయి. కొసన మాత్రం ఒక చిగురు వేసి, పట్టు దొరక్క గాల్లో ఊగతా ఉంది. బతుకుతుందని చెప్పలేను, పోతుందనీ చెప్పలేను. ఈలోగా మమతకు మళ్ళీ ఆ దినాలు వచ్చినాయి.

తీగ సంగతి తేలేవరకూ ఆగుదామనుకుంటే నేను జన్మలో ఆగతానే ఉంటానని తెలుసు. మా అత్త సోఫాలో కూర్చొని ఉండగానే మమతను హాల్లోకి పిలిచాను. పేలికలు దాని చేతిలో పెట్టాను. మా ఆయన పేపరు దించినాడు.

"అత్తా, పిల్లకు ఈ పొద్దు రెండో దినం. నేనే పిలిచినా. ఇంక ఎప్పుడైనా సరే, తీగ కట్టేది ఇదే, నీళ్ళు పోసేది ఇదే, ఈ హాల్లో కూర్చునేది కూడా ఇదే. వాడితే వాడనీ. ఊరంతా నా పేరు చెప్పుకో. దీని పేరు ఎత్తితే మాత్రం నేను ఊరుకోను."

 స్టూలు తెచ్చి తడిక ముందర పెట్టాను.

మమత స్టూలెక్కి ఒక్కో కణుపూ కట్టింది.  మా ఆయన ఒకసారి నన్ను, ఒకసారి వాళ్ళమ్మను చూసినాడు. పిల్ల దిగి, చేతులు దులుపుకొని, రూములోకి పోకుండా అక్కడే నేలమీద కూర్చునింది. మా అత్త దాన్ని చూసింది. తీగను చూసింది. కిందినుంచి పైదాకా చాలాసేపు చూసింది.

"పై కణుపు వదిలేసినావు మే," అనింది. "అదీ కట్టు."